మా లడ్డూ మామిడి టెంక మింగింది: ఆపరేషన్ దాకా ఏం జరిగిందంటే

మే 17 శనివారం మధ్యాహ్నం మా కుక్క లడ్డూ ఒక చిన్నరసం మామిడి టెంక మింగింది. 23వ తేదీ రాత్రి పేగు కోసి దాన్ని బయటికి తీశారు. ఈ మధ్యలో ఏమేం జరిగిందో, ఎవరెవరు ఏమన్నారో, ఎంత ఖర్చయిందో అన్నీ గుర్తున్నప్పుడే రాసి పెడుతున్నా. ఆ వారం నేను అర్ధరాత్రిళ్లు ఫోన్ పట్టుకుని వెతుకుతుంటే కనిపించినవన్నీ "వెంటనే వైద్యుణ్ణి సంప్రదించండి" అనే ముక్క దగ్గర ఆగిపోయేవి. సంప్రదించామండీ. అసలు కథంతా ఆ తర్వాతే.

లడ్డూ లాబ్రడార్, ఆడది, నాలుగేళ్లు, 29 కిలోలు. తిండి దగ్గర దానికి సిగ్గూ శరం లేవు. మాది విజయవాడ గుణదల. ఆ రోజు మా ఆడపడుచు వాళ్లు పిల్లలతో వచ్చారు, నూజివీడు నుంచి తెచ్చిన రసాల పెట్టె విప్పి అందరం పెరట్లో కూర్చుని తింటున్నాం. బంగినపల్లి అయితే టెంక పెద్దది, వెడల్పుగా ఉంటుంది, లడ్డూ దాన్ని నాకుతుందే గానీ మింగలేదు. చిన్నరసం టెంక చిన్నది, చీకాక చుట్టూ పీచుతో జారుడుగా ఉంటుంది. మా ఆడపడుచు చిన్నకొడుకు చేతిలోంచి ఒకటి జారి కింద పడింది, రెండుసార్లు కొరికిన చప్పుడైంది, అంతే. "అత్తా, టెంక లేదు" అన్నాడు వాడు. కుర్చీల కింద, తులసికోట వెనక, కాలవ పక్కన అంతా వెతికాం. నిజంగానే లేదు.

ఎప్పుడూ చూపించే డాక్టరుగారికి వెంటనే ఫోన్ చేశా. ఏం మింగింది, ఎంత సైజు, ఎంతసేపయింది, నమిలిందా లేక గుటుక్కున మింగేసిందా, ఊపిరి సరిగ్గా ఆడుతోందా, దగ్గుతోందా, చొంగ కారుతోందా అని వరసగా అడిగారు. అప్పటికి లడ్డూ తోక ఊపుకుంటూ రెండో టెంక కోసం ఎదురుచూస్తోంది. వాంతి చేయించాలా అంటే వద్దన్నారు. మెత్తటి వస్తువులైతే మింగిన గంటా రెండు గంటల్లోపు ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చి కక్కిస్తారట గానీ, టెంకలాంటి గట్టిది పైకి వస్తూ ఆహారనాళంలో ఇరుక్కుంటే ఇప్పుడున్నదానికంటే పెద్ద ప్రమాదమట. ఉప్పునీళ్లు పట్టించడం లాంటివి ఇంట్లో అసలు చేయొద్దు, ఒంట్లో ఉప్పు ఎక్కువైపోతే ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు అని గట్టిగా చెప్పారు. ఆయన ఆ మాట అంటుండగానే మా అత్తయ్యగారు వంటింట్లోంచి ఉప్పు డబ్బా పట్టుకుని వస్తున్నారు.

మర్నాడు ఆదివారం ఉదయం ఎక్స్‌రేకి రమ్మన్నారు. మాకు ఉన్నది స్కూటర్. మా ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో, శని ఆదివారాలకి వస్తుంటారు, ఆ వారం రాలేదు. యాప్‌లో ఆటో బుక్ చేస్తే వచ్చినవాళ్లు కుక్కని చూసి క్యాన్సిల్ చేసుకుని వెళ్లిపోయారు. చివరికి మా వీధి చివర స్టాండులో ఉండే ఆయన, సీటు మీద దుప్పటి పరుస్తామని మాటిచ్చాక, రెట్టింపు డబ్బులకి ఒప్పుకున్నాడు. ఆ వారం అంతా ఆయనే తిప్పాడు. కుక్కని పెంచుతూ కారు లేనివాళ్లు ఇలాంటి ఆటో ఆయన నంబరు ఒకటి ముందే దగ్గర పెట్టుకుంటే మంచిది.

ఎక్స్‌రేలో టెంక కనిపిస్తుందనే వెళ్లాను. కనిపించలేదు. నాణెం, మేకు, ఎముక, రాయి లాంటివి తెల్లగా తెలిసిపోతాయట గానీ టెంక, గుడ్డ, ప్లాస్టిక్, పల్చటి రబ్బరు అలా స్పష్టంగా పడవు. కడుపులో ఏదో నీడ ఉంది, నిన్నటి అన్నం కూడా అయి ఉండొచ్చు అన్నారు. అప్పుడు ఆయన చెప్పినది నాకు చాలా పనికొచ్చింది. కుక్క కడుపు సంచి పెద్దది, టెంక అందులో రోజుల తరబడి ఏ గొడవా లేకుండా కూర్చోగలదు, కుక్క హాయిగా తింటుంది, ఆడుతుంది. అక్కడినుంచి చిన్నపేగులోకి దిగాక ఎక్కడో సన్నటి చోట ఇరుక్కుంటే అప్పుడు మొదలవుతుంది. టెంక చెక్కలాంటిది కాబట్టి కడుపులో అరగదు. పెద్ద కుక్కలు కొన్నిసార్లు మోషన్‌లో బయటికి వదిలేస్తాయి, కొన్నిసార్లు వదలవు. హైదరాబాద్ లాంటి పెద్ద ఊళ్లలో ఎండోస్కోపీతో నోట్లోంచే తీసే వీలుంది గానీ అది కడుపులో ఉన్నంతవరకే. ఇప్పుడే కోయడమా, నాలుగు రోజులు చూడటమా అంటే, తింటోంది, వాంతులు లేవు కాబట్టి చూద్దాం అన్నారు. వాంతి అయినా, తినడం మానేసినా ఏ టైమ్ అయినా తీసుకురమ్మన్నారు. ఆ రోజు ఫీజు 400, ఎక్స్‌రే 700.

ఇక మోషన్ కోసం కాపలా. చేతికి గ్లవ్స్, ఒక పుల్ల, బకెట్ నీళ్లు. ఇంతకంటే వివరంగా చెప్పను. పక్కింటివాళ్లు గోడ మీంచి చూసి ఏం చేస్తున్నావమ్మా అనడిగితే చెప్పడం అన్నిటికంటే కష్టం. చెప్పాక సలహాలు మొదలయ్యాయి. ఆముదం పట్టించమని ఒకరు, అరటిపండ్లు పెట్టమని ఒకరు, వాళ్ల ఊళ్లో కుక్కలు రోజూ టెంకలు తింటాయి ఏం కాదు అని మా మామయ్యగారు. ఆముదం గురించి డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగితే, దారి మూసుకుపోయిన పేగుని బలవంతంగా కదిలిస్తే చిరిగే ప్రమాదం ఉంది, విరేచనాల మందు ఏదీ వద్దు అన్నారు. సోమ, మంగళవారాలు లడ్డూ మామూలుగానే ఉంది. మోషన్ అవుతోంది, టెంక రావట్లేదు. పీచు కొంచెం కనిపించిందని నేను మా ఆయనకి ఫోటో కూడా పంపాను, ఆయన అప్పుడు భోజనం చేస్తున్నారట.

బుధవారం రాత్రి, 21న, పెట్టిన అన్నం పెట్టినట్టే కక్కేసింది. తర్వాత నీళ్లు తాగి అవీ కక్కింది. అర్ధరాత్రి దాటాక ముందుకాళ్లు నేల మీద చాపి, వెనక భాగం పైకెత్తి, అలాగే చాలాసేపు ఉండిపోయింది. ఒళ్లు విరుచుకుంటోందని అనుకున్నాం. కడుపు నొప్పిగా ఉంటే కుక్కలు అలా నిలబడతాయని తర్వాత తెలిసింది. ఎవరి కుక్కయినా పదేపదే అలా చేస్తుంటే గమనించండి.

గురువారం పొద్దున మా డాక్టరుగారు ఊళ్లో లేరు, దగ్గరి బంధువుల పెళ్లికి వెళ్లారు. వేరే క్లినిక్‌కి తీసుకెళ్లాను. టెంక సంగతి చెప్పాను. ఐదు రోజులైంది కదా, అది ఎప్పుడో పోయి ఉంటుంది, బయట చూస్తే ఎండలు 42 డిగ్రీలు, ఇది వేడి చేసి వచ్చిన వాంతులే అని ఒక సెలైన్, వాంతులు ఆగే ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. పొట్ట ఒకసారి చేత్తో నొక్కి చూశారు, అంతే. 1,150 అయింది. ఆశ్చర్యం ఏంటంటే వాంతులు నిజంగానే ఆగాయి. సాయంత్రానికి లేచి గేటు దాకా నడిచింది. మా అత్తయ్యగారు దిష్టి తీసి, "చూశావా, నరదిష్టే" అన్నారు. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోయాం.

ఆ ఇంజెక్షన్ వాంతిని ఆపుతుంది, అడ్డాన్ని కాదు. శుక్రవారం తెల్లవారుజామున మందు పవర్ తగ్గినట్టుంది, గోధుమరంగు నీళ్లు కక్కింది, వాసన భరించలేనంత. మోషన్ ముందు రోజు నుంచీ లేదు. నోరు తెరిచి చూస్తే చిగుళ్లు జిగటగా, పాలిపోయి ఉన్నాయి. మెడ మీద చర్మం పట్టుకుని వదిలితే వెంటనే కిందకి పడట్లేదు, ఒంట్లో నీరు తగ్గిపోతే అలా అవుతుందట. లడ్డూకి ఎంతో ఇష్టమైన ఉడకబెట్టిన గుడ్డు మూతి దగ్గర పెడితే మొహం పక్కకి తిప్పుకుంది. ఆ క్షణం నాకు కాళ్లు చేతులు ఆడలేదు. మా మరిదిని లేపి, దుప్పటిలో పడుకోబెట్టి చెరో వైపు పట్టుకుని ఆటో ఎక్కించాం.

మా డాక్టరుగారు ఆ పొద్దునే తిరిగొచ్చారు. మళ్లీ ఎక్స్‌రే, ఈసారి పేగులు గాలితో ఉబ్బి కనిపించాయి. స్కానింగ్ చేస్తే గానీ ఖాయంగా చెప్పలేం అన్నారు, అయితే ఆ క్లినిక్‌లో మిషన్ లేదు. మిషన్ తెచ్చి చేసే డాక్టరు వేరే, ఆయన సాయంత్రం ఆరుకి గానీ రాలేనన్నారు. గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లాలా అని కూడా ఆలోచించాం. అంత దూరం కదిలించే ముందు సెలైన్ ఎక్కించి ఒంట్లో నీరు నిలబెట్టాలి, అది అయ్యేసరికి అక్కడ ఓపీ టైమ్ దాటిపోతుంది అన్నారు డాక్టరుగారు. సరే, ఇక్కడే ఉన్నాం. రక్తపరీక్ష చేయించారు, 1,800. పొటాషియం బాగా పడిపోయింది, అది సర్దకుండా మత్తు ఇస్తే గుండెకి ప్రమాదం అని సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించడం మొదలుపెట్టారు. ఏదో ఇరుక్కుంది అనగానే వెంటనే లోపలికి తీసుకెళ్లి కోసేస్తారని నేను అనుకున్నా. అలా ఉండదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ సెలైన్ బొట్లు చూస్తూ కూర్చోవడమే.

ఒక పని మాత్రం బాగా కలిసొచ్చింది. అదే పెట్టెలోని పండు టెంక ఒకటి కవర్లో వేసుకుని వెళ్లాను. స్కానింగ్ డాక్టరు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, స్కేలు పెట్టి కొలిచారు. తర్వాత పొట్ట మీద బొచ్చు గొరిగి జెల్ రాసి వెతికితే, స్క్రీన్ మీద ఒక చోట వంపు తిరిగిన తెల్లటి గీత, దాని కింద అంతా నల్లటి నీడ. "ఇదుగోనమ్మా మీ టెంక" అన్నారు, ఆ కొలతే సరిపోయింది. దానికి పైభాగం పేగు నీళ్లతో ఉబ్బి ఉంది, కిందభాగం ఖాళీగా ముడుచుకుని ఉంది. స్కానింగ్ 1,500. ఏం మింగిందో తెలిస్తే అలాంటిదే ఇంకోటి, లేకపోతే మిగిలిన ముక్క, వెంట తీసుకెళ్లండి.

ఆపరేషన్ ముందు డాక్టరుగారు ఏదీ దాచలేదు. పేగు రంగు బాగుంటే చిన్న కోత పెట్టి టెంక తీసి కుట్టేస్తాం, నల్లబడితే ఆ ముక్క కోసేసి రెండు చివరలూ కలపాలి, అప్పుడు రిస్కూ ఖర్చూ రెండూ పెరుగుతాయి, మత్తులోనే పోయే అవకాశం కూడా కొంత ఉంటుంది అని చెప్పి కాగితం ముందు పెట్టారు. మా ఆయన అప్పటికి హైదరాబాద్‌లో బస్సెక్కి సూర్యాపేట దగ్గర ఉన్నారు. ఫోన్లో "డబ్బు సంగతి తర్వాత చూద్దాం, సంతకం పెట్టెయ్" అన్నారు. 20,000 అడ్వాన్సు అడిగారు. నా ఫోన్‌పేలో అంత లేదు, మరిది సగం, నేను సగం కట్టాం. సంతకం పెట్టేటప్పుడు పేషెంటు పేరు దగ్గర లడ్డూ అని, యజమాని పేరు దగ్గర నా పేరు రాస్తుంటే ఏడుపాగలేదు. రిసెప్షన్ అమ్మాయి ఏమీ అనకుండా టిష్యూ పెట్టె ఇటు జరిపింది.

తొమ్మిదిన్నరకి లోపలికి తీసుకెళ్లారు. బయట ప్లాస్టిక్ కుర్చీలు, ఏసీ లేదు, ఒక పిల్లి బుట్టలో అరుస్తోంది. దాని తాలూకు వాళ్లతో మాటల్లో తెలిసింది, అది మల్లెపూల దండ దారం మింగిందట, కొస నోట్లోంచి వేలాడుతుంటే లాగబోయారట, ఫోన్లో డాక్టరు వద్దని ఆపారు. దారం లోపల పేగుల నిండా సాగి ఉంటే లాగినప్పుడు పేగుని కోసేస్తుందట. వెనకవైపు వేలాడుతున్నా అంతే, ముట్టుకోకుండా తీసుకురావాలి. పూలు కొనే ప్రతి ఇంట్లో ఉండేదే ఈ దారం, నేను ఎన్నడూ దీని గురించి వినలేదు.

పదకొండు దాటాక డాక్టరుగారు స్టీలు ట్రేతో బయటికొచ్చారు. టెంక. పీచు నల్లగా, ఆకుపచ్చగా మారిపోయి, ఒక పక్క పళ్ల గాట్లతో. వాసన గురించి అడక్కండి. పేగు బాగా ఎర్రబడింది గానీ నల్లబడలేదు, కోసి కలపాల్సిన పని పడలేదు, ఇంకో రోజు ఆగి ఉంటే చెప్పలేను అన్నారు. గురువారం ఆ క్లినిక్‌లో పోయిన రోజు గుర్తొచ్చి నాకు ఒళ్లు మండిపోయింది. టెంక మింగిందని మేం చెప్పిన కుక్కకి పొట్ట స్కానింగ్ రాయడానికి ఏం అడ్డొచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. మీకు ఇలాగే జరిగి "పోయి ఉంటుందిలే" అంటే, పోయిందని దేన్ని బట్టి చెబుతున్నారో అడగండి, అడిగితే ఏం అనుకోరు, అనుకున్నా ఫర్వాలేదు.

డాక్టరుగారి గదిలో ఒక గాజు సీసా ఉంది, ఇన్నేళ్లలో తీసినవి కడిగి అందులో వేశారు. మొక్కజొన్న కండె ముక్కలు, రబ్బరు బంతి, జుట్టు బ్యాండ్లు, చిన్నపిల్లల సాక్సు, ఒక రూపాయి బిళ్ల. మే, జూన్‌లలో టెంకలు వస్తూనే ఉంటాయి కాబట్టి దాచడం మానేశానన్నారు.

ఆపరేషన్ అయిపోగానే గండం గడిచిందని అనుకోవద్దన్నారు. పేగు కుట్టు వదులై లోపలి మురికి కారే ప్రమాదం మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా ఎక్కువట. జ్వరం, మళ్లీ వాంతులు, తిండి ముట్టకపోవడం, పొట్ట ముట్టుకుంటే మూలగడం, ఇవి కనిపిస్తే పరిగెత్తుకురావాలి. నాకు ఆపరేషన్ రాత్రి కంటే ఈ రోజులే నరకం. శనివారం పొద్దున చెంచాలతో నీళ్లు, సాయంత్రం రెండు ముద్దల మెత్తటి అన్నంలో ఉడికించిన చికెన్ మెదిపి పెట్టారు. లడ్డూ గిన్నె కూడా తినేసేలా చూసింది. ఆదివారం 25న ఇంటికి పంపారు. కొంచెం కొంచెంగా రోజుకి ఐదారుసార్లు పెట్టమన్నారు, పచ్చిపాలు, నెయ్యి, మాంసం ఎముకలు వద్దన్నారు. సోమవారం మోషన్ అయింది. మా అత్తయ్యగారు ఈ విషయం బంధువుల గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టారు.

మెడకి వేసే ప్లాస్టిక్ కోన్ 450. పెళ్లిపందిట్లో మైకులా ఉంటుంది, మూడు రోజులు తలుపులకీ, మంచం కోళ్లకీ, మా మోకాళ్లకీ కొట్టుకుంటూ తిరిగింది. జాలిపడి తీసేద్దామన్నారు ఇంట్లో. కుట్లు నాకి ఊడదీసుకుంటే మళ్లీ మొదటికే వస్తుందని తీయనివ్వలేదు. నీళ్ల గిన్నెని ఇటుక మీద ఎత్తుగా పెడితే కోన్‌తోనే తాగగలిగింది. ఆ వారం మధ్యాహ్నాలు కరెంటు పోయేది, గొరిగిన పొట్ట చల్లటి గచ్చుకి ఆనించి పడుకునేది, కింద ఉతికిన పాత చీర పరిచి రోజూ మార్చేవాళ్లం.

ఖర్చు అందరూ అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా. ఆపరేషన్, మత్తు కలిపి 26,000. రెండు రాత్రులు ఉంచినందుకు 2,400. సెలైన్లు, యాంటీబయాటిక్స్, నొప్పి మందులు, ఇంటికి ఇచ్చినవి కలిపి 3,900. పైన రాసిన ఫీజులు, పరీక్షలు, రెండో ఎక్స్‌రే, కోన్, ఆటోలు కూడా కలుపుకుంటే మొత్తం రూ.41 వేల దగ్గర తేలింది. ఊరిని బట్టి, కుక్క బరువుని బట్టి మారుతుంది, మత్తుమందు మోతాదు బరువు మీదే లెక్క. బిల్లు కట్టేటప్పుడు ఏది దేనికో విడిగా రాయించుకోండి, అడిగితేనే రాసిస్తారు. మందులు కొన్ని మామూలు మెడికల్ షాపులోనే దొరికాయి, మనుషులవే, పేషెంటు వయసు నాలుగు అని చీటీలో చూసి షాపాయన పాపకి ఏమైందమ్మా అనడిగాడు.

జూన్ 5న కుట్లు తీశారు. బరువు చూస్తే 27 కిలోలకి తగ్గింది, అదే మంచిది, ఇక పెంచకండి అన్నారు. కుట్లు తీసినందుకు డబ్బులు తీసుకోలేదు. పనిలో పనిగా గోళ్లు కత్తిరించినందుకు 150 తీసుకున్నారు.